బేసి నంబరు బతుకు

ఆఫీసు లాప్‌టాప్‌లో మళ్ళీ కొత్త వెర్షన్ దిగింది. పేరు పక్కన ‘స్టేబుల్’ అని ఉంది గానీ, పొద్దున్నుంచీ ప్రింటర్ పలకడం లేదు. చివరి అంకె ఒక్కటి పెరిగింది. ఏం మార్చారయ్యా అంటే, ‘చిన్న చిన్న సవరణలు’. పండక్కి వంటిల్లు సర్దినట్టుంది: అన్నీ ఉన్నాయి, ఏదీ కనబడదు.

ఒకప్పుడు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్‌ని రాసేవాళ్ళు వెర్షన్ నంబరులోనే ముందే చెప్పేసేవారు. రెండో అంకె సరిసంఖ్యయితే, అంటే 2.2, 2.4 లాంటివి, నమ్మి వాడుకో. 2.3, 2.5 లాంటి బేసి అయితే ఇంకా పని నడుస్తోంది, వేలు పెడితే నీ ఖర్మ.

ఈ సూత్రంతో చూస్తే ఎమిరేట్స్ మొత్తం అర్థమైపోతుంది. ఇల్లు షార్జాలో, ఉద్యోగం దుబాయ్‌లో. దారులు ఈ11, ఈ311, ఈ611. మూడూ బేసే! రెంటి సరిహద్దులో అల్ నహ్దా దగ్గర పొద్దున్నే మనం చూసేది ట్రాఫిక్ కాదు, టెస్టింగ్. అల్ ఐన్ వెళ్ళే ఈ66 సరిసంఖ్య, హాయిగా సాగిపోతుంది. దుబాయ్ మెట్రో 2009లో తొమ్మిదో నెల తొమ్మిదో తేదీ రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లకు మొదలైంది. అన్ని బేసులు పెట్టుకుని షార్జా దాకా ఎలా వస్తుంది? కార్ల నంబర్లూ అంతే. 2008లో అబుదాబిలో ‘1’ నంబరు ప్లేటు 5.22 కోట్ల దిర్హాములు పలికింది. 2023లో దుబాయ్‌లో ‘పి 7’ ఏకంగా 5.5 కోట్లు. అంత పోసి కొన్నది టెస్టింగ్ సరుకని ఆ మహానుభావులకి ఎవరు చెప్తారు?

చివరికి కెర్నెల్ వాళ్ళే ఆ పద్ధతికి దండం పెట్టేశారు. 2001 చివర్లో మొదలైన 2.5, రెండేళ్ళకి గానీ 2.6గా తేలలేదు. అన్నాళ్ళు ఎవరాగుతారు? కంపెనీలు అందులోని మంచి ముక్కలు తెచ్చి పాత 2.4కే అతుకులేసుకున్నాయి. దాంతో 2004 నుంచి విడిగా బేసి లేదు, సరి లేదు. ఇప్పుడు తొమ్మిది పది వారాలకో విడుదల, ఉన్నదే అసలు.

మనమే ఇంకా మానలేదు. ‘రెండేళ్ళు చేసి వెళ్ళిపోదాం’ అనుకోకుండా ఇక్కడ విమానం దిగిన తెలుగువాణ్ణి నేను చూడలేదు. నాలాంటి ఉద్యోగికి వీసా కూడా రెండేళ్ళకే. అమ్మని కాశీ తీసుకెళ్ళడం, నాలుగు పుస్తకాలు చదవడం, అన్నీ ‘ఇండియా వెళ్ళాక’ వచ్చే సరిసంఖ్య వెర్షన్‌కి దాచిపెట్టాం. ఈలోగా అమ్మకి మోకాళ్ళు పోయాయి, అబ్బాయికి మీసాలొచ్చాయి. వాడికి ఇదే అసలు వెర్షన్, ఇంకోటి రాదు.

సోఫా మార్చమని మా ఆవిడ అడిగినప్పుడల్లా, “వెళ్ళిపోయేవాళ్ళం, ఇప్పుడెందుకే?” అంటాను. ఆ మాట మొదలుపెట్టినప్పుడు ఆ సోఫా కొత్తది.