‘లెక్క రేపు’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మొగం మాది, గొంతు నీది, లెక్క రేపు.

అవతారిక: యూట్యూబులో బొమ్మ మొగంతో కబుర్లు చెప్పే కళాకారులను పోషించే జపాను కంపెనీల నడతను ఒక్క ముక్కలోకి కుదిస్తే తేలే సూత్రమిది. ఏ ఒప్పంద పత్రంలోనూ ఈ మాటలు ఇలా ఉండవు. టీక కోసం కూర్చినవి. వ్యాఖ్యానానికి బొంబాయిలోని ధారావే తగిన చోటు. పీసు రేటు మీద బతికే పేటలో ‘రేపు’ అన్న మాటకు నిఘంటువు అక్కర్లేదు.

ప్రతిపదార్థం: మొగం = తెర మీది బొమ్మ; మాది = కంపెనీ ఆస్తి, అనగా మనిషి మానేసినా మొగం ఆఫీసులోనే ఉంటుంది; గొంతు = కెమెరా ముందు తన కనుబొమలెగరేసి బొమ్మ కనుబొమలెగరేయించే మనిషి; నీది = బొంగురుపోయినా నీదే; లెక్క = కూలి; రేపు = కిరాణా కొట్టు గోడ మీద ‘అరువు రేపు’ అన్నచోట ఏ రేపో, ఆ రేపే.

తాత్పర్యం: తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే కుటుంబమే పాట పాడుతుంది, బొమ్మల పెట్టె కూడా వాళ్లదే. ఈ కంపెనీల్లో గీసేవారొకరు, ఆడేవారొకరు, పెట్టె మరొకరిది. ఒక్క బొమ్మ ఉన్నన్నాళ్లూ ఈ చీలిక కనపడదు. బొమ్మలు పదులై, శాఖలు దేశాలు దాటితే అతుకులు విడతాయి. కిజునా ఐ బొమ్మకు 2019లో అదనపు గొంతులు తగిలిస్తే అభిమానులే ఒప్పుకోలేదు. నిజిసంజి అనే ఇలాంటి బొమ్మ కళాకారుల బృందం మన దేశం కోసం 2020లో తెరిచిన శాఖ 2021లో మూతపడింది. అయితే అసలు నొప్పి తెర వెనక, కూలి దగ్గర ఉంది. ప్రమాణం: హోలోలైవ్ అనే మరో బృందాన్ని నడిపే కవర్ సంస్థ 2022 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు దాకా బొమ్మలు తయారుచేసే 23 మంది చేత 243 సార్లు అదనపు డబ్బివ్వకుండా పని మళ్లీ చేయించుకుందని జపాను ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో తప్పుపట్టింది. సగటున మనిషికి పదికి పైనే. బొమ్మ రెప్ప, పాప, జుట్టుపాయ వేర్వేరు పొరలుగా గీస్తారు. రెప్ప ఒక్కటి మార్చినా కదలిక మళ్లీ సరిచూడాలి. కుట్టిన చొక్కా చేయి విప్పి మళ్లీ వేయమంటే ధారావి దర్జీ ముందు అడిగేది ఆ కుట్టుకూలి సంగతే.

పూర్వపక్షం: వేగంగా ఎదిగేవాడు తడబడడా, పసివాడు నడక నేర్చేటప్పుడు పడడా, అంటారా? సమాధానం: ఈ పసివాడు ఆ కాలంలోనే, 2023 మార్చిలో, టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజి మెట్లెక్కాడు. వాటాదారుకు చూపడానికి వచ్చిన లెక్క బొమ్మ గీసినవాడి దగ్గరికొచ్చేసరికి మరుపున పడడం తడబాటు కాదు, వరస. పెట్టుబడి కంపెనీది గనక బొమ్మ దానిదే, అని మరో శంక. ఒప్పుకుందాం, ‘మొగం మాది’ మీద తగాదా లేదు, తగాదా ‘రేపు’ మీద. మంచి పేరు వస్తుంది కదా, అదే కూలి అనేవారికి కామాఠీపురాయే జవాబు. బొంబాయిని కట్టడానికి తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీల పేరు పేటకు మిగిలింది; ఏ గోడ ఎవరి చేతిదో మిగల్లేదు. పేరు నిలవడం వేరు, లెక్క తేలడం వేరు.

కాన ‘లెక్క రేపు’ లేఖక ప్రమాదం. ‘లెక్క ముందు’ అని దిద్దుకొని చదవాలి. దిద్దిన కూలి వేరే.