ఫెన్సింగ్ మామ

గోదావరిఖనిలో రిటైరైన బొగ్గుబాయి కార్మికుడికి గ్రాట్యుటీ అందగానే రెండు దారులు: కొడుక్కి కారు, లేదా తనకు రెండెకరాలు. జీడీకే 11 ఇంక్లైన్‌లో దిగిన మా ఫెన్సింగ్ మామ రెండో దారి పట్టాడు. మంథని రోడ్డు వైపు భూమి కొని మక్క వేశాడు. తొలి పంట అడవి పందుల పాలైంది. అప్పట్నుంచి మామ కంచె సాగు చేస్తున్నాడు.

పొద్దున్నే చేనికి పోగానే ఇన్‌స్పెక్షన్. చేతిలో కట్టె. ఒక్కో కడీనీ కొట్టి, చెవి పెట్టి వింటాడు. బాయిలో సర్దార్లు రూఫ్‌ను ఇట్లాగే కొట్టి చూస్తారు. గట్టిదైతే ఠంగుమంటుంది, ఊడిపడేదైతే డొల్లగా మోగుతుంది. కంచెకు ఎంతయిందని అడిగితే మాత్రం బ్లాస్టింగ్ మోతకు చెవులు పోయాయంటాడు.

పందుల మీద మామకు కోపం లేదు, గౌరవమే. "బాయిల నైట్ షిఫ్టంటే సగం మంది నాగా. గీటిని సూడు, వానొచ్చినా హాజరే!" ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల మీది తుమ్మలే వాటి క్వార్టర్లని ఆయన గట్టి నమ్మకం.

మొదట చీరల కంచె కట్టాడు. గాలికి కొంగు కదిలితే మనుషులున్నారని పందులు జడుస్తాయట. ఇంట్లో పాత చీరలు అయిపోయాక ఒకనాడు అత్తమ్మ చేనికొచ్చింది. గట్టు వెంట నడుస్తూ ఒక చీర దగ్గర ఆగి, అంచు తిప్పి చూసింది. నెమళ్ల అంచు.

"ఏందయ్యా, ఇది మా అన్న పెట్టిన చీర గాదు?"

మామ పక్క కడీని కొట్టి, చాలాసేపు విన్నాడు.

తర్వాత వెంట్రుకలు. పందికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. నేల వాసన పీల్చినప్పుడు వెంట్రుకలు ముక్కులో గుచ్చుకుంటాయని నెల రోజులు కటింగ్ షాపుల చుట్టూ సంచి పట్టుకుని తిరిగాడు. తన వంతు ఇవ్వడానికి మామ నెత్తి మీద ఏమీ లేదు, పాపం. ఒక్క వానకు అంతా కొట్టుకుపోయింది.

ఇప్పుడు సోలార్. పన్నెండు వోల్టుల బ్యాటరీ, సెకనుకోసారి టక్కుమనే డబ్బా. తగిలితే జివ్వుమంటుంది గానీ ప్రాణం తీయదు. దారిన పోయేవాళ్లందరినీ ఆపి ఇది చెబుతాడు. "గింత ఖర్చెందుకే? మీటర్ నుంచి తీగ గుంజు" అన్న పక్క చేను పిల్లగాణ్ని మాత్రం కట్టెతో తరిమాడు. అనుమతి లేకుండా అడవి పందిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. మామ మాత్రం చట్టం ఊసే ఎత్తలేదు. "బాయిల సచ్చినోళ్లను మోసినోన్ని. చేన్ల గూడ మొయ్యాల్నారా?" అన్నాడు. ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

మొన్న పొద్దున కింది తీగకు జానెడు దిగువన బొరియ కనబడింది. పంది రాత్రంతా తవ్వి, భూమి లోపలి నుంచి చేన్లోకి దిగింది. మామ మోకాళ్ల మీద కూలబడి టార్చి వేశాడు. కట్టెతో బొరియ పైభాగం కొట్టి విన్నాడు.

"స్లోప్ మంచిగనే తీసింది. రూఫ్‌కే సపోర్ట్ లేదు."

బొగ్గు తీసిన ఖాళీలో గోదావరి ఇసుక నింపినట్టు దీన్నీ పూడుస్తాడు, పార కోసమే లేచాడనుకున్నాను. రెండు దుంగలు పట్టుకొచ్చాడు.