ఐదో అధ్యాయం

పార్లమెంటు స్థాయీ సంఘంలో చోటు దొరికిన కొత్త ఎంపీగారు ఇస్త్రీ ఖద్దరు వేసుకుని, నియోజకవర్గం నుంచి మోసుకొచ్చిన ప్రశ్నలతో మొదటి సమావేశానికి వస్తారు. ఎదురుగా మంత్రిగారు ఉండరు. ఆయన్ను పిలిచే ఆనవాయితీ లేదు. పద్దులు పరిశీలించేటప్పుడైతే పిలవనే కూడదని స్పీకరు ఆదేశాల్లోనే ఉంది. కార్యదర్శిగారు వస్తారు. ‘‘అది విధాన నిర్ణయం సార్, మంత్రిగారు చూడాలి’’ అంటారు. చూడాల్సినాయన రారు, వచ్చినాయన చూడలేరు.

సరే, సిఫార్సులు రాసి పంపుతారు. మూడు నెలల్లో జవాబు రావాలి. ఇక్కడ మనవాళ్ల ముందుచూపును మెచ్చుకోవాలి. ఆ జవాబుల మీద సంఘం ఇచ్చే యాక్షన్ టేకెన్ రిపోర్టును ముందే అధ్యాయాలుగా విడగొట్టి పెట్టారు. రెండోది, సర్కారు ఒప్పుకున్నవి. మూడోది, జవాబు చూశాక సంఘమే పోనీలెమ్మని వదిలేసినవి. నాలుగోది, సంఘానికి మింగుడుపడని జవాబులు. ఐదోది, తుది జవాబు ఇంకా రానివి. కాబట్టి మంత్రిగారు పట్టించుకోకపోతే కంగారేం లేదు, దానికీ ఓ అధ్యాయముంది. సంఘం మహా అయితే ‘విచారం’ వ్యక్తం చేస్తుంది. ఒళ్లు మండితే ‘తీవ్ర విచారం’.

ఇలా కాదని 2004లో స్పీకరు ఆదేశం 73ఏ తెచ్చారు. సిఫార్సులు ఎంతవరకు అమలయ్యాయో ఆరు నెలలకోసారి మంత్రే స్వయంగా సభకు చెప్పాలి. మంత్రిగారు లేస్తారు, ‘‘ప్రకటనను సభ ముందుంచుతున్నాను’’ అంటారు, కూర్చుంటారు. ఆదేశం అమలైంది.

సభలో ఇచ్చిన మాటలకైతే 1953 నుంచీ వేరే కాపలా ఉంది, ప్రభుత్వ హామీల సంఘం. ‘పరిశీలనలో ఉంది’ అన్నా హామీ కిందే లెక్క. దాన్నీ మూడు నెలల్లో తీర్చాలి. కుదరకపోతే గడువు పెంచమనొచ్చు. అదీ కుదరకపోతే ఆ హామీనే కొట్టేయమనొచ్చు. చేబదులు తీసుకున్న బావమరిదికైనా ఇంత వెసులుబాటు ఉండదు.

పోనీ అధికారులైనా వస్తారా? 2021 జూలై 28న శశి థరూర్ అధ్యక్షతన ఐటీ సంఘం పౌరుల డేటా భద్రత గురించి పిలిచింది. ఫోన్లలో దూరే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ ఊసు వస్తుందని అందరికీ తెలుసు. ఐటీ, హోం, టెలికాం శాఖల అధికారులు రాలేదు. వచ్చిన అధికారపక్ష సభ్యులు రిజిస్టరులో సంతకం పెట్టలేదు. గదిలో ఎంపీలున్నారు, కోరం లేదు.

ఇంత చూసిన మన కొత్త ఎంపీగారు బల్ల గుద్ది ఊరుకుంటారా? ఊరుకోరు. కాలం కలిసొచ్చి ఏదో ఒకనాడు అదే శాఖకు మంత్రవుతారు. ఒకప్పుడు తను సంతకం పెట్టిన సిఫార్సే తన బల్ల మీదికి వస్తుంది. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, గడువు పెంచమని రాయిస్తారు.