హాల్లో జలపాతం, నల్లాలో గాలి

నారాయణఖేడ్‌లో ఇప్పుడెవరూ ఇల్లు కట్టడం లేదు, ఎలివేషన్ కడుతున్నారు. ముందుభాగం రోడ్డుకు, మిగిలింది సంసారానికి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు సత్యనారాయణస్వామి కన్నా ముందు సీలింగును దర్శించుకోవాలి. వాళ్లకు మెడనొప్పి పుట్టకపోతే ఇంటాయన మనసు నొచ్చుకుంటుంది.

అసలు ఆ సీలింగు సంగతే తేలాలి. మేస్త్రీ చెమటోడ్చి పదడుగుల ఎత్తున స్లాబు పోస్తాడు. వెనకే ఇంకొకాయన వచ్చి, పైసలు తీసుకుని మరీ, దాన్ని తొమ్మిదడుగులకు దించుతాడు. నడుమ తామరపువ్వు, చుట్టూ గాడి, గాడిలో నీలం లైటు. రాత్రి అది వెలిగితే హాలు ఏసీ స్లీపర్ బస్సులా ఉంటుంది, టికెట్టు అడగడమే తరువాయి. ఈ సీలింగుకు వాడే పీఓపీ అంటే జిప్సమే, దానికి తడి పడదు. ఒక్క వానకు స్లాబు కారిందా, తామరపువ్వుకు పసుపు మరక పూస్తుంది. పైసందులో ఎలుకలు కిరాయి కట్టకుండా కాపురం పెడతాయి. అవి పరుగు పందెం పెట్టుకుంటే కింద ఇంటాయన నిద్రపట్టక ఈఎంఐలు లెక్కపెట్టుకుంటాడు. సీలింగు వేడి ఆపుతుందంటారు. కొంత నిజమే. డాబా మీద తెల్లసున్నం కొట్టినా వేడి తగ్గుతుంది, కానీ దాన్ని చుట్టాలు చూడరు కదా! మట్టిమిద్దెకు గవాచి పెట్టి పగటి వెలుగును ఉచితంగా దించుకున్న తాతలు అమాయకులు. పట్టపగలు పన్నెండు బల్బులు వేసుకునే మనం నాగరికులం.

సింగూరు నీళ్లు ఎత్తిపోసే బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో ఈ ఊళ్లోనే శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్లు పొలానికి చేరకముందే హాలు గోడ మీద స్టిక్కరు జలపాతం దూకేసింది. దాని కింద షోకేసులో ప్లాస్టిక్ గులాబీలు. పక్కనే ఉన్న బీదర్‌లో వెండి పొదిగిన బిద్రీ పాత్రలు చేస్తారని మన షోకేసులకు ఎవరు చెప్పాలి?

ముందుభాగానికి తొడిగే ఏసీపీ (అల్యూమినియం) రేకులు దుకాణాలు దిగి ఇళ్లకెక్కుతున్నాయి. లోపల ప్లాస్టిక్ ఉన్న అలాంటి రేకులే లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌కు తొడిగారు. 2017 జూన్‌లో వాటి మీదుగా మంట పాకి 72 మంది చనిపోయారు. మనది జీ ప్లస్ వన్ కదా అంటారా? సరే, మీ ఇష్టం.

నేల కథ మరీ విడ్డూరం. బండలకు పేరున్న అటు షాబాదు, ఇటు తాండూరు, రెండూ మన పొరుగే. మే నెలలో వట్టి బండ మీద ఒళ్లు వాల్చినవాడిని అడగండి దాని విలువ. ఆ బండలు పెకిలించి పెంటకుప్ప పాలు చేశాం. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలెక్కి వచ్చిన తెల్లటి టైల్స్ పరిచాం. తడికాలు పెడితే నడుం విరుగుతుంది, పొలం నుంచి వచ్చిన కాలు పెడితే ఇల్లాలు విరుచుకుపడుతుంది. ఈలోగా హైదరాబాద్ ఫామ్‌హౌస్‌లలో ఏం పరుస్తున్నారు? తాండూరు బండలే. ‘రస్టిక్’ అని పేరు తగిలించి, ఆర్కిటెక్టుకు ఫీజు కట్టి మరీ. 161వ జాతీయ రహదారి వెడల్పయ్యాక సరుకు త్వరగానే వస్తోంది, ఫ్యాషన్ మాత్రం నగరంలో చచ్చాకే మన దిక్కు బయల్దేరుతుంది.

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవారికి ఒక మనవి. సీలింగుకు దాచిన డబ్బులతో ముందు స్లాబు కారకుండా చూసుకోండి. పాత ఇంటి బండలు ఎవరడిగినా అమ్మకండి. వాటి కోసం పట్నం నుంచి బండి కట్టించుకుని వచ్చినవాడు మీకన్నా తెలివైనవాడు.