సులభ వాయిదాల్లో వైరాగ్యం

బట్టలు తగ్గించుకోవాలనుకున్న మనిషి ముందుగా చేయవలసిన పని ఏమిటి? కొన్ని బట్టలు తీసేయడం అని జవాబు చెబితే మీరు పాతకాలపు మనిషి. ముందుగా చేయవలసింది కొనడం. బీరువాలో ఉన్న ముప్ఫై చొక్కాలు మనసుకు బరువట. ఆ బరువు దిగాలంటే వాటి జాగాలోకి అయిదే అయిదు మేలురకం చొక్కాలు రావాలి. ఆ అయిదింటి ఖరీదు ఈ ముప్ఫైయింటి ఖరీదు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఉండాలి మరి. డబ్బు లేక తగ్గించుకుంటే లేమి, డబ్బు పోసి తగ్గించుకుంటే మినిమలిజం.

ఈ దీక్షాపరులను గుర్తుపట్టడం తేలిక. మెడలో మాల ఉండదు గానీ ఒంటిమీద రంగు ఒక్కటే. గంజి రంగు, బూడిద రంగు, మహా సాహసిస్తే తడిసిన మట్టి రంగు. దుకాణంలో చొక్కా ముందువైపు చూడరు. తిరగేసి లోపలి కుట్లు చూస్తారు. బొత్తాం ప్లాస్టిక్‌దా, ముత్యపుచిప్పదా అని గోటితో కొట్టి చూస్తారు. ఇది పీమా కాటనా, మామూలు కాటనా అని అడుగుతారు. సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేస్తే, ఆ తెలుపులో చొక్కా ఉందా అని అడుగుతారు.

మా మేనల్లుడొకడు పోయిన దీపావళికి ఈ దీక్ష పుచ్చుకున్నాడు. పుట్టింది, పెరిగింది చెన్నైకి ఉత్తర కొసన ఉన్న మనలి. ఉద్యోగం నగరానికి ఆ చివర, దక్షిణాన ఓ.ఎం.ఆర్. రోడ్డు ఐటీ అద్దాల మేడల్లో. “మావయ్యా, పొద్దున్నే ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తే మెదడు అలిసిపోతుంది. ఒబామా అందుకే బూడిద రంగు, నీలం సూట్లు తప్ప వేసుకునేవాడు కాదు” అన్నాడు. నిజమే, 2012లో ఒక పత్రికకు ఒబామా ఆ మాట చెప్పాడు. ఆయన బల్లమీద యుద్ధాల ఫైళ్లుండేవి. మావాడి ముందున్న నిర్ణయం మధ్యాహ్నం మీల్సా, బిర్యానీయా అన్నది. పైగా పొద్దున అంత జాగ్రత్తగా మిగుల్చుకున్న మెదడు రాత్రి రెండు తెల్ల టీషర్టుల మెడపట్టీలు పోల్చి చూడటానికే చాలడం లేదు.

ఈ మతానికి ప్రవక్తలెవరో చూడండి. కొద్దిపాటి మంచి దుస్తులతో గడుపుకోవచ్చని 1970ల్లో లండన్‌లో బోధించిన సూసీ ఫాక్స్ ఒక బట్టల దుకాణం యజమానురాలు. 1985లో న్యూయార్క్‌లో ఏడు దుస్తులుంటే చాలని చాటిన డోనా కారన్, ఆ ఏడూ తానే తయారుచేసి అమ్మిన డిజైనరు. ఉపవాస మాహాత్మ్యం మిఠాయి కొట్టువాడి నోట వింటే ఆ రుచే వేరు. ఇక 2010లో కోర్ట్నీ కార్వర్ అనే అమెరికన్ 333 అని ఒక లెక్క పెట్టింది. 33 వస్తువులు, 3 నెలలు. ఆమె పాపం కొనమనలేదు, ఉన్నవాటిలో ఏరుకుని తక్కినవి కంటికి కనపడకుండా పెట్టమంది. మనవాళ్లు లెక్క ఉంచుకుని సలహా వదిలేశారు.

మనలిలో ఈ లెక్క తిరగబడి ఎప్పటినుంచో ఉంది. 3 జతలు, 33 నెలలు. దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

అసలీ సిద్ధాంతం గట్టిదో కాదో తేల్చడానికి మనలిని మించిన చోటు లేదు. 1969లో మద్రాస్ రిఫైనరీస్‌గా పని మొదలుపెట్టి ఇప్పుడు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ అయిన చమురుశుద్ధి కర్మాగారం ఇక్కడే. ఎం.ఎఫ్.ఎల్. అనే ఎరువుల ఫ్యాక్టరీ ఇక్కడే. వాటి చుట్టూ రసాయనాల కంపెనీలు, రేవులవైపు సాగే కంటెయినర్ లారీల బారులు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అతి తీవ్ర కాలుష్యమున్న పారిశ్రామిక ప్రాంతాల పేర్లు రాసినప్పుడు అందులో మనలికి చోటు దక్కింది. ఇలాంటి ఊళ్లో ఒకడు మీగడ రంగు లినెన్ చొక్కా తొడుక్కుని ఎం.ఎఫ్.ఎల్. రౌండ్‌టానా దగ్గర బస్సు కోసం నిలబడ్డాడనుకోండి. బస్సు వచ్చేలోపు దీక్ష రంగు మారుతుంది.

ఇంకో తమాషా ఉంది. బట్టల సబ్బుపొడిలో మురికి వదలగొట్టే పదార్థానికి మూలం లీనియర్ ఆల్కైల్ బెంజీన్ అనే రసాయనం. కిరసనాయిల్లోంచి పారాఫిన్ లాగి, దానికి బెంజీన్ కలిపి చేస్తారు. దాన్ని తయారుచేసే తమిళనాడు పెట్రోప్రొడక్ట్స్ ఉన్నది మనలిలోనే. ఊరూరి బట్టల మురికి వదలగొట్టే సరుకు బయటికి పంపి, మసి మాత్రం తన దండేల మీద ఆరేసుకున్న త్యాగశీలి ఈ ఊరు.

చొక్కాలు తక్కువైతే ఉతుకుళ్లు ఎక్కువవుతాయి. ఈ చిన్న లెక్క మావాడికి తట్టలేదు. ఉతకాలంటే నీళ్లు కావాలి, ఎండాకాలం లారీ కోసం ప్లాస్టిక్ బిందెలు బారులు తీరే వీధుల్లో. ఆరాలంటే శుభ్రమైన గాలి కావాలి, అది ఎక్కడ దొరుకుతుందో ఓ.ఎం.ఆర్. వాళ్లే చెప్పాలి. అయిదు చొక్కాల సన్యాసం వెనక ఒక ఇస్త్రీ బండి, ఒక అమ్మ ఉంటారు. వాళ్లు మినిమలిస్టుల ఫొటోల్లో పడరు. మా అక్కయ్యను కదిలిస్తే అసలు సంగతి బయటికొచ్చింది. “వాడు బట్టలు తగ్గించుకున్నాడు, నాకు చాకిరీ పెరిగిందిరా. ఆ లినెన్ మెషీన్లో వేయకూడదట. పిండకూడదట. నీడపట్టున ఆరేయాలట. వాడి చిన్నతనంలో వాణ్ణి కూడా ఇంత మురిపెంగా ఆరబెట్టలేదు” అంది.

ఇక మేలురకం దుస్తులు కొద్దిగా ఉంచుకోవడం అంటే ఏమిటో చూడాలనుంటే షిఫ్టు మారే వేళ రిఫైనరీ రోడ్డుమీద నిలబడండి. పాలిస్టర్ పుట్టేది పెట్రోలియంలోంచి. కానీ పెట్రోలియం శుద్ధి చేసే చోట పాలిస్టర్‌ను నమ్మరు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, రాపిడికి కరెంటు పుట్టి రవ్వలు రాలతాయి. అందుకే ఇలాంటి చోట్ల పనివాడికి ముతక నూలు కవరాల్. రంగు ఒకటే. కుట్లు గట్టివి. జేబులు చెయ్యి వెతుక్కోకుండా అందే చోట ఉంటాయి. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద. ఆదివారానికి లుంగీ, పెళ్లికి ఒక ప్యాంటూ చొక్కా. బీరువా ముందు నిలబడి ఆలోచించే శ్రమ లేదు, ఎందుకంటే చాలా ఇళ్లలో గోడకు మేకే బీరువా. మినిమలిస్టులు చెప్పే ఏ నియమం ఇక్కడ తప్పింది? ఒక్కటే తప్పింది, ఖరీదు. ఆ లోటు కూడా పెద్ద దుకాణాలు తీర్చేశాయి. ఫ్రెంచి కూలీలు వేసుకున్న నీలం కోటు ఇవాళ మేలురకం క్యాజువల్ దుస్తుల్లో ఒకటి. కూలివాడు వదిలేశాక కోటుకు విలువ వచ్చింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతోపాటు మనలి వైపు నుంచి చమురు ఎన్నూరు వాగులోకి దిగింది. మత్స్యకారులు బకెట్లతో, మగ్గులతో ఆ జిడ్డు ఎత్తిపోశారు. ఒంటిమీది గుడ్డకు ఆ నలుపు పట్టాక ఏ సబ్బుపొడీ పనిచేయదు. వరద కొంత, నూనె కొంత, ఆ మత్స్యకారుల పల్లెల్లో బట్టలు వాటంతటవే తగ్గాయి. అలా తగ్గించుకున్నందుకు మనశ్శాంతి లభించిందా అని వాళ్లనెవరూ ఇంటర్వ్యూ చేయలేదు.

గుడ్డ నాణ్యం గురించి ఈ నగరానికి ఒకరు పాఠం చెప్పడమే వింత. మద్రాసు పుట్టిందే గుడ్డ కోసం. 1639లో ఫ్రాన్సిస్ డే దామెర్ల నాయకుల దగ్గర ఈ ఇసుకతీరం సంపాదించడానికి చూపిన పెద్ద కారణం, ఇక్కడ బట్ట మిగతా చోట్ల కన్నా ఇరవై శాతం చవకని. డిస్కౌంటు మీద వెలిసిన మహానగరం ఇది. ఆ బట్ట ఉతికి చలువ చేసేవాళ్లు ఉన్న చోటు వాషర్‌మన్‌పేట అయింది, పాత మద్రాసు తెలుగువాళ్ల నోట చాకలిపేట. 1717 నుంచి 1720 దాకా గవర్నరుగా ఉన్న జోసెఫ్ కాలెట్ తిరువొట్టియూరు దగ్గర నేతగాళ్ల కోసం కట్టించిన పేటే ఇవాళ్టి కాలడిపేట. మనలికి పక్క ఊరే. అటు చీరాల మగ్గాల మీద నేసిన రుమాళ్లు మద్రాసు పేరు పెట్టుకుని పశ్చిమ ఆఫ్రికా దాకా పోయాయి.

మద్రాసు గళ్లగుడ్డ కథ ఒకటి బాగా ప్రసిద్ధం. 1958లో ఒక అమెరికా వ్యాపారి ఇక్కడి చేనేత గుడ్డ పదివేల గజాలు కొనుక్కెళ్లాడు. చల్లనీళ్లలో విడిగా జాడించాలన్న కబురు మాత్రం దానితోపాటు వెళ్లలేదు. న్యూయార్క్‌లో బ్రూక్స్ బ్రదర్స్ అమ్మిన దుస్తులు వాషింగ్ మెషీన్లో పడి రంగంతా కక్కేశాయి. కొన్నవాళ్లు గొడవకు దిగారు. అప్పుడు ప్రకటనలవాళ్ల బుర్ర పనిచేసింది. రంగు వెలవడం గ్యారంటీ అని అమ్మారు, జనం ఎగబడి కొన్నారు. న్యూయార్క్‌లో వెలిస్తే అది చేనేత మహిమ. మనలిలో లుంగీకి వెలిస్తే గిన్నెలు దించే మసిగుడ్డ.

ఒకే రంగు దుస్తుల ఆదర్శం కావాలన్నా అమెరికా అధ్యక్షుడి దాకా పోనక్కరలేదు. పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925) తెలుగువాడు, దేవాంగుల ఇంటి బిడ్డ, ఉత్తర మద్రాసులో మగ్గాలు నడిపించినవాడు. జస్టిస్ పార్టీ 1920లో గెలిచి ముఖ్యమంత్రి పదవి కాళ్లదగ్గరికి వస్తే వద్దన్నాడు. కట్టింది తెల్లబట్టలే కనుక తమిళులు ఆయన్ని శ్వేతవస్త్రాల రాజు అన్నారు. అంతటి మనిషికి నగరం ఇచ్చిన స్మారకం త్యాగరాయ నగర్, అంటే టి.నగర్. తర్వాత ముఖ్యమంత్రి అయిన పానగల్ రాజా పేరిట ఉన్న పార్కు చుట్టూ, రంగనాథన్ వీధి నిండా, అంతస్తుల మీద అంతస్తులుగా బట్టలే. తెలుపు తప్ప కట్టని త్యాగరాయ పేరు మీద అక్కడ లేని రంగు లేదు. మావాడు తన అయిదు చొక్కాలు ఏరడానికి పోయిందీ అక్కడికే. వెంట ఆరో చొక్కా కూడా వచ్చింది, ఆఫరట.

మావాడి పక్షాన ఒక న్యాయమైన మాట ఉంది, దాన్ని దాటేస్తే నేనూ ప్రకటనలవాడినే అవుతాను. “ఆరు వేల చొక్కా రెండొందల సార్లు వేసుకుంటే సారికి ముప్ఫై రూపాయలు, మావయ్యా. చాకలిపేట ఎం.సి. రోడ్డులో మూడొందలకు కొన్నది పదిసార్లకే పోతే అదీ ముప్ఫయ్యే. చెత్త మాత్రం ఇరవై రెట్లు” అన్నాడు. కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఈ పొదుపు అందేది ఆరు వేలు ఒక్కసారిగా చేతిలో ఉన్నవాడికే. మూడొందలున్నవాడు మూడొందలదే కొంటాడు, దాన్ని పదిసార్లతో వదలడు, పీలికలయ్యేదాకా తొడుగుతాడు. ఇక రెండొందల సార్లు వేసుకుంటానన్న మావాడికి నలభయ్యోసారికల్లా ఇంతకన్నా మేలైన చొక్కా ఒకటి కంటపడుతుంది. చొక్కా చిరగదు, మనసు చిరుగుతుంది. దానికి రఫూ లేదు.

నాణ్యం అంటే ఒకప్పుడు కొనేటప్పుడు చూసేది కాదు, కొన్నాక చేసేది. కాలరు అరిగితే దర్జీ దాన్ని విప్పి, తిరగేసి కుట్టి ఇంకో రెండేళ్లు ఆయువు పోసేవాడు. పిల్లాడు ఎదుగుతాడని నిక్కరు మడతలో గుడ్డ వదిలేవాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పోతే నిక్కరయ్యేది, నిక్కరు పోతే సంచీ అయ్యేది. నాన్న కొన్న గుడ్డ తమ్ముడి దాకా నడిచేది. వేలు పోసిన ఈ చొక్కాల కుట్టులోపల విప్పి వదులు చేయడానికి అరంగుళం గుడ్డ ఉండదు. ఒళ్లు కాస్త పెరిగితే చొక్కా మారాలి. చెట్టు కింద మిషను పెట్టుకున్న ఆల్టరేషన్ దర్జీ దగ్గరికి దీక్షాపరులు ఎందుకు వెళ్లరో నాకు ఇంతవరకు బోధపడలేదు. బహుశా ఆయన దగ్గర క్రెడిట్ కార్డు గీకే మిషను లేకపోవడం వల్ల కావచ్చు.

బీరువాలోంచి దిగిపోయిన ఆ ముప్ఫై చొక్కాలు ఏమయ్యాయి? దానం చేశానన్నాడు. మంచిదే. కొన్ని పనిమనిషికి, కొన్ని వాచ్‌మన్‌కు వెళ్లాయి. వాళ్ల గోడమీద మేకులు ఎన్నో ఎవరూ అడగలేదు. ఎవరికీ పట్టనివి, ఎవరికీ నచ్చనివి చివరికి చేరే చోటు మనలి వాళ్లకు బాగా తెలుసు. గాలి ఇటు తిరిగితే కొడుంగయ్యూరు డంపింగ్ యార్డు కబుర్లు వాసనతో సహా వస్తాయి. దక్షిణాన మనసులు తేలికపడ్డ ప్రతిసారీ ఉత్తరాన నేల బరువెక్కుతుంది.

మంచి చొక్కా మీద కోరిక నేరం కాదు. చేతిలో డబ్బుంటే కొనుక్కోండి, వేసుకోండి, అద్దంలో చూసుకుని మురవండి. తగ్గించుకోవాలన్న బుద్ధి నిజంగానే పుడితే అదింకా మేలు, దానికి పైసా ఖర్చు లేదు. ఉన్న ముప్ఫై చొక్కాలూ చిరిగేదాకా తొడగండి, చిరిగితే కుట్టించండి. ఆ పని పూర్తయ్యేసరికి రిటైరవుతారు, ఒబామా కూడా మెచ్చుకుంటాడు. ఈ రెంటిలో ఏది చేసినా మాకు అభ్యంతరం లేదు. మొదటిది చేస్తూ రెండోదానికి దండలు వేయించుకోవడం మాత్రం కుదరదు. దుకాణంవాడు మీకు బిల్లు ఇచ్చాడు, సన్యాసదీక్ష ఇవ్వలేదు.