కొత్తింట్లో వైఫై అందకుండా చూసుకోవడం ఎలా?

ఇల్లు కట్టుకునేవాళ్లకు మొదటి సలహా: ఇంటర్నెట్ సంగతి గృహప్రవేశం అయ్యాక చూసుకోండి. శ్లాబు పోసే ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి, ఇనుప కడ్డీల మధ్య పైపులు పరుస్తూ, "నెట్‌కి ఏమైనా పైపు వదలమంటారా సార్?" అని అడుగుతాడు. "ఇప్పుడంతా వైఫైయే కదయ్యా" అనేయండి. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోతుంది. ఫ్యాన్లకూ గీజర్లకూ ఎలాగూ పైపులు పడుతున్నప్పుడు అదే కూలీలతో ఇంకో రెండు ఖాళీ పైపులు వేయించడం దుబారా. కావాలంటే తర్వాత పుట్టీ పెట్టి రంగులేసిన గోడకు గాడి కొట్టించి, సిమెంటు పూయించి, మళ్లీ రంగు వేయించుకోవచ్చు. నలుగురికి పని కల్పించినవాళ్లవుతారు. శ్లాబు సంగతి మాత్రం వేరు. అది గట్టిపడ్డాక దాన్ని తొలవడం ఇల్లు కట్టిన మేస్త్రీకి కూడా ఇష్టం ఉండదు.

రెండో సలహా రౌటర్ చోటు గురించి. వంటగదికి ఆగ్నేయం, పూజగదికి ఈశాన్యం చూసి పెడతాం. రౌటర్ మాత్రం దిక్కులేనిది. ఫైబర్ కుర్రాడు కరెంటు స్తంభం మీంచి తీగ లాగి, బాల్కనీ కిటికీ పక్క రంధ్రంలోంచి లోపలికి దూర్చి, అది ఎక్కడ ఆగితే అక్కడే పెట్టె బిగిస్తాడు. అది ఇంటికి ఓ మూల కావడం ఎంతో మంచిది, సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది. పెట్టె అందవికారంగా ఉందనిపిస్తే టీవీ యూనిట్ అరలో పెట్టి తలుపు మూయండి. ఇంకా పక్కాగా కావాలంటే ఎంసీబీలు ఉండే ఇనుప పెట్టెలో బిగించండి. వైఫై అంటే రేడియో తరంగమే కాబట్టి ఇనుము దాన్ని బయటికి పోనివ్వదు. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువే గానీ, గోడ దాటేటప్పుడు 2.4 కంటే ముందు నీరసించేదీ అదే. పైగా అడ్డంకుల ప్రభావం కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. ఒక గోడ పదో వంతునే దాటనిచ్చిందనుకుంటే, అలాంటి రెండో గోడ అవతల మిగిలేది నూరో వంతు. డాలస్‌లో ఉన్న అబ్బాయి "ఒక రౌటర్ చాలు నాన్నా" అంటే నమ్మేయండి. చెక్క చట్రానికి జిప్సమ్ పలకలు కొట్టిన వాళ్లింట్లో అది చాలుతుంది కూడా. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కడ్డీలు పరిచిన శ్లాబు ఉన్న డూప్లెక్సులో ఎందుకు చాలదని మాత్రం అడక్కండి.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు: "అంతస్తుకో పెట్టె చొప్పున మెష్ పెట్టుకుంటే సరిపోదా?" పెట్టుకోండి, ఖరీదైనదే పెట్టుకోండి. పై అంతస్తులోని పెట్టె కింది పెట్టెతో మాట్లాడాల్సింది ఆ శ్లాబు గుండానే. ఫోన్‌తోనూ కింది పెట్టెతోనూ ఒకే రేడియో మీద మాట్లాడాల్సి వస్తే, చేతికందే వేగం దాదాపు సగమవుతుంది. మూడో రేడియోను ఆ పనికే కేటాయించిన మెష్‌లూ ఉన్నాయి. అయినా ఆ రేడియోకూ దాటాల్సింది అదే కాంక్రీటు. ఇది తెలిసే కాబోలు, మెష్ పెట్టెల వెనక తీగ గుచ్చడానికి ఓ రంధ్రం ఉంచుతారు. తయారుచేసినవాడే తీగ అడుగుతున్నాడన్న సంగతి పట్టించుకోకండి, అది అందం కోసం పెట్టిందనుకోండి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. టెక్నాలజీ ఏటేటా మారుతుంది, ఇవాళ గోడలో పెట్టిన తీగ రేపు పాతబడదా అని. చరిత్ర చూద్దాం. క్యాట్ 5ఈ తీగ ప్రమాణం 2001 నాటిది. ఆ తర్వాత 2009లో వైఫై 4 ప్రమాణం వచ్చింది, 2013లో వైఫై 5 వచ్చింది, ఆపైన 6, 7 వచ్చాయి. ప్రతిసారీ మూలపడింది రౌటరే. తీగ మాత్రం వంద మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ మోస్తూనే ఉంది. 2016లో వచ్చిన కొత్త ఈథర్నెట్ ప్రమాణంతో అదే పాత తీగ మీద రెండున్నర గిగాబిట్లు పోతున్నాయి. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్లు మోస్తుంది. అంతకంటే పొడవు తీగ కావాల్సిన ఇల్లున్నవాళ్లకు ఈ సలహాలతో పనిలేదు, వాళ్లకు ఇంజనీర్లే ఉంటారు. తీగ పాతబడినా పైపు పాతబడదు కదా, పాతది లాగేసి కొత్తది దూర్చుకోవచ్చు కదా అంటారా? అందుకే పైపు వద్దన్నది.

ఇంత చెప్పినా పైపు వేయించి తీరతామంటే, చెడగొట్టుకునే దారులు ఇంకా ఉన్నాయి. కరెంటు తీగల పైపులోనే నెట్ తీగ కూడా దూర్పించండి, ఆటంకానికి ఆటంకం, ప్రమాదానికి ప్రమాదం. తీగ కొనేటప్పుడు అల్యూమినియం మీద రాగి పూత పూసినది అడగండి. బరువు తక్కువ, ధర తక్కువ, చూడ్డానికి అచ్చం రాగే. వంచితే త్వరగా విరుగుతుంది. దాని మీదుగా సీసీ కెమెరాకు కరెంటు కూడా పంపితే రాగి తీగకంటే ఎక్కువ వేడెక్కుతుంది. తీగ లాగేటప్పుడు లంబకోణంలో మడిపించండి.

చిన్న ఫ్లాట్ వాళ్లు "మాకు నడిమధ్యన ఒక్క రౌటర్ చాలు, ఇదంతా మాకెందుకు?" అంటారు. నిజమే, చాలు. కానీ తీగ దిగేది గుమ్మం దగ్గరో బాల్కనీ దగ్గరో. అక్కడి నుంచి నడిమధ్యకు అది ఎలా వస్తుంది? మళ్లీ పైపు మాటే వచ్చింది, వదిలేద్దాం.

ఇంకొక్క జాగ్రత్త. ప్లాస్టరింగ్‌కు ముందు గోడల ఫొటోలు తీయకండి. ఆల్బమ్‌లో శంకుస్థాపన కొబ్బరికాయ నుంచి పాలు పొంగించడం దాకా అన్నీ ఉండాలి గానీ, ఏ పైపు ఎటు వెళ్లిందో మాత్రం ఉండకూడదు. టేపు ఆనించి తీసిన ఫొటో ఒక్కటి ఉన్నా, కర్టెన్ రాడ్డు బిగించడానికి వచ్చినవాడు అది చూసి జానెడు పక్కన డ్రిల్లు పెడతాడు. ఎంత చెప్పినా వినకుండా పైపు వేయించుకున్న ఇంట్లో కూడా నెట్ పోగొట్టుకునే ఆఖరి అవకాశం అలా చేజారిపోతుంది.