కామెర్లొస్తే ఈ సలహాలు వినకండి

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు ఆరబోసే కళ్లాల దగ్గర ఒకరి కళ్లు పచ్చబడితే చాలు, పదిమంది పది మందులు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. అందుకే కాదనడం కష్టం.

‘పసరు మందు తాగు, దిగిపోతుంది.’ దిగేమాట నిజమే. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. అదే ఇ రకం గర్భిణికి సోకితే ప్రాణం మీదికి రావచ్చు. బి, సి రకాలైతే కళ్లు తెల్లబడ్డాక కూడా వైరస్ ఏళ్లతరబడి కాలేయంలోనే ఉండిపోవచ్చు.

‘చేతికి వాత పెట్టించు.’ వద్దు. పుండు తప్ప ఏమీ మిగలదు.

‘విరేచనాలకు వేసుకో, పైత్యమంతా పోతుంది.’ అసలు సంగతి పైత్యంలో లేదు, వైరస్ చేరిన కాలేయ కణం లోపల ఉంది. అక్కడ కైనేజులనే ఎంజైములు ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంటాయి, వేరే ఎంజైములు ఊడదీస్తుంటాయి. ఏ ప్రొటీన్ ఎప్పుడు పనిచేయాలో చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది. ఆ ఫాస్ఫేట్‌ను కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు ఇస్తుంది. హెపటైటిస్ బి వైరస్ ‘ఎక్స్’ ప్రొటీన్ ఈ కైనేజుల్లో కొన్నింటిని ఉసిగొల్పి, కణాన్ని పెరగమనే సంకేతాలను రేపుతుంది. సి వైరస్ మన కైనేజులతోనే తన ఎన్‌ఎస్5ఎ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించుకుని సంతానం పెంచుకుంటుంది. విరేచనాల మందు అక్కడిదాకా ఎలా చేరుతుంది? ఒంట్లో నీళ్లు పోయి మనిషి నీరసించడమే మిగులుతుంది.

‘పసుపు మన పంటే, బాగా వాడు.’ ప్రయోగశాలలో పెంచిన కణాల్లో పసుపులోని కర్కుమిన్ సి వైరస్‌ను అడ్డుకున్నది నిజం. తిన్నప్పుడు మాత్రం అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. కూరలో చిటికెడు పసుపుకు భయపడక్కర్లేదు. కళ్ల పచ్చదనం పసుపుది కాదు, బిలిరుబిన్ అనే పచ్చని పదార్థానిది.

చేయాల్సింది రక్త పరీక్ష. సి రకానికి మాత్రలున్నాయి, ఎక్కువమందికి 12 వారాల్లో నయమవుతుంది. బి రకానికి టీకా ఉంది. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దాన్ని మనవాళ్లకు అందుబాటు ధరలో తెచ్చింది. ఇంట్లో ఒకరికి బి ఉందని తేలితే మిగతా అందరికీ పరీక్ష చేయించండి, సోకనివాళ్లకు టీకా వేయించండి. తల్లికి ఉంటే, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే.